డోలీ ఏ దిక్కుకు పోతున్నది?

పాఠకులారా, మన రెండు రాష్ట్రాలలో ప్రసూతి వైద్యానికి రెండు ముఖాలున్నాయి. నగరంలో ఒక గర్భిణికి ముందుగా ముహూర్తం పెట్టించుకొని, గది మాట్లాడుకొని, అవసరమున్నా లేకున్నా కడుపు కోసి బిడ్డను తీస్తున్నారు. పాడేరు మన్యంలో మరొక గర్భిణిని, నొప్పులు మొదలైన తరువాత, కర్రకు కట్టిన డోలీలో కొండ దింపుతున్నారు. ఒకరికి అక్కరలేని కోత. మరొకరికి ప్రాణం మీదికి వచ్చినా అందని కోత. ఇవి ఒకే వ్యాధికి రెండు లక్షణాలు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం శస్త్రచికిత్స కాన్పులు దేశంలో నూటికి 21 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 42, తెలంగాణలో 60. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రులలోనైతే 81. ఈ కాన్పులు నూటికి పదికి మించి పెరిగినంత మాత్రాన సమాజంలో తల్లీబిడ్డల మరణాలు తగ్గినట్లు ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే స్పష్టం చేసింది. కనుక మనకు శస్త్రవైద్యులు కరవు అన్న మాట అర్ధసత్యం. వారు రూకలున్న చోట పోగయ్యారు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువగా అందుతుందని, వైద్యాన్ని అంగడికి వదిలిన కొద్దీ ఈ వైపరీత్యం ముదురుతుందని బ్రిటన్ వైద్యుడు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే హెచ్చరించాడు.

మాతృమరణాలు తగ్గాయి కదా అని మీరు అడుగవచ్చు. నిజమే. 2018–20 లెక్కలలో లక్ష సజీవ జననాలకు దేశంలో 97 మంది తల్లులు మరణించగా తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. సంతోషించదగినదే. కాని సగటు లోతు మోకాలిబంటి అని నమ్మి ఏటిలో దిగినవాడు మునగడా? రాష్ట్ర సగటులో కొండమీది గూడెం కనబడదు.

ఆ గూడెంలో ఏమి జరుగుతుందో వైద్యుడిగా చెబుతాను. నెలలు నిండిన గర్భాశయానికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం ప్రవహిస్తుంది. కాన్పు తరువాత అది గట్టిగా ముడుచుకొనకపోతే గంటలలోనే తల్లి ప్రాణం పోవచ్చు. మన గర్భిణులలో సగానికి పైగా రక్తహీనులు. వారికి ఆ గడువు ఇంకా తక్కువ. రక్తస్రావాన్ని ఆపే ఆక్సిటోసిన్ ఖరీదైన మందు కాదు. అయితే దానిని శీతలంలో భద్రపరచాలి. కరెంటు నిలకడగా లేని ఉపకేంద్రంలో ఆ సూదిమందు సత్తువ కోల్పోతుంది. 2005లో మొదలైన 108 వాహనం ఎన్నో ప్రాణాలు కాపాడింది. కాని రోడ్డు ఆగిన చోట అదీ ఆగుతుంది.

“గిరిజనులు ఆస్పత్రికి రారు, మూఢనమ్మకాలు ఎక్కువ” అని చదువుకున్నవారు తేలికగా తేల్చివేస్తారు. అయ్యా, ఆ డోలీ ఏ దిక్కుకు పోతున్నదో ఒక్కసారి చూడండి. ఆస్పత్రి వైపే కదా! వాగులు దాటి మోసుకొస్తున్నవారికి నమ్మకం లేదనడం అన్యాయం. తీరా వచ్చాక మత్తువైద్యుడు లేడని, రక్తం లేదని మరొక ఊరికి పంపే వ్యవస్థకే వారి మీద గౌరవం లేదు.

చేయవలసినది అసాధ్యమేమీ కాదు. నెలలు నిండే ముందే గర్భిణి ఆస్పత్రి చెంతకు వచ్చి ఉండేందుకు వసతి గృహాలు కావాలి. సాలూరులో ఇది చేసి చూపారు. ఆ రోజులలో ఆమె కోల్పోయే కూలి చెల్లించాలి, వెంట ఉన్న పిల్లలకు తిండి పెట్టాలి. ఏజెన్సీ ఆస్పత్రులలో ప్రసూతి, మత్తు, శిశువైద్యుల కొలువులు ఖాళీగా ఉండరాదు, రక్తనిల్వ ఉండాలి. ప్రతి ప్రైవేటు ఆస్పత్రి తన శస్త్రచికిత్స కాన్పుల శాతాన్ని గోడమీద రాసి పెట్టాలి.

మీ ఇంటి ఆడబిడ్డకు కోత తప్పదన్నప్పుడు “ఎందుకు?” అని మర్యాదగా అడగండి. కారణం సరైనదైతే క్షణం ఆలస్యం చేయవద్దు. అది ప్రాణం నిలిపే చికిత్స. ఓటు అడగవచ్చినవారిని మాత్రం మరొక ప్రశ్న అడగండి: మీ నియోజకవర్గంలో ఆఖరి గూడెం నుండి ఆపరేషన్ బల్ల వరకు ఎన్ని గంటల ప్రయాణం? దానికి జవాబు చెప్పలేనివారు అభివృద్ధిని గురించి మాట్లాడడానికి అర్హులు కారు.