దొరకని దానిని దొరకలేదనియే చెప్పవలెను

మన సంఘములలో చాలవాటికి కంప్యూటరు వచ్చినది. నూలు ఇచ్చిన లెక్క, చీరలు వచ్చిన లెక్క, మజూరీ పట్టీ, అన్నియు ఎక్సెల్ పట్టికలలో వ్రాయుచున్నాము. ఇది మంచిదే. చేతి ఖాతాల కాలమును మేమెరుగుదుము. ఒక్క మజూరీ పట్టీకి రెండు రాత్రులు దీపము పెట్టుకొని కూర్చుండెడివారము. అయితే కంప్యూటరు వేసిన లెక్క తప్పదను నమ్మకము కూడ దానితోబాటు వచ్చి కూర్చున్నది. మా అనుభవము వేరుగా ఉన్నది.

మా సంఘములో రకముల పట్టిక ఒకటి ప్రత్యేకముగా ఉన్నది. ఒక నిలువు వరుసలో రకము నెంబరు, ప్రక్క వరుసలో చీరకు మజూరీ. చీరలు వచ్చినప్పుడు నెంబరు కొట్టిన చాలును. వీ-లుకప్ అను ఫార్ములా పట్టికలో దానిని వెదకి మజూరీని తెచ్చి పెట్టును. ఆ మధ్య 118వ రకము చీరలు నాలుగిచ్చి మజూరీ తీసికొన్న ఒక సభ్యుని భార్య మరునాడు పట్టీతో వచ్చినది. "సెక్రటరీ గారూ, చీరకు 820 అన్నారు గదా, 640 చొప్పున కట్టినారేమి?" అని అడిగినది. మొత్తము మీద 720 రూపాయలు తక్కువ. చూడగా, 118 క్రొత్త రకము. దానిని పట్టికలో ఎక్కించుట మేమే మరచితిమి. కంప్యూటరు లేదనలేదు. దానికి ముందున్న 115వ రకపు మజూరీని తెచ్చి పెట్టినది.

ఈ ఫార్ములాకు నాలుగు భాగములు. ఏమి వెదకవలెను, ఎచ్చట వెదకవలెను, ఎన్నవ వరుసలోనిది తేవలెను అనునవి మూడు. సరిగా అదియే కావలెనా, దగ్గరిది చాలునా అనునది నాలుగవది. దానిని వ్రాయక విడిచిన, దగ్గరిది చాలునని అనుకొని, అడిగిన నెంబరుకు మించని వాటిలో పెద్దదానిని పట్టుకొనును. పట్టిక వరుసక్రమములో లేకున్న ఏది తెచ్చునో చెప్పలేము. ఇంత కొనుగోలుకు ఇంత తగ్గింపు అను మెట్ల లెక్కకు ఈ పద్ధతి పనికివచ్చును గాని, మజూరీకి పనికిరాదు. నాలుగవచోట ఫాల్స్ అనిగాని, సున్న అనిగాని తప్పక వ్రాయవలెను. 2019లో ప్రకటించిన ఎక్స్-లుకప్, మనము చెప్పకయే సరిపోలిన దానినే వెదకును. కాని 2016, 2019 ఎక్సెల్‌లలో అది లేదు. పాతవి వాడువారికి వీ-లుకప్పే గతి.

అట్లు వ్రాసినచో, నెంబరు లేనప్పుడు గడిలో ఎన్.ఏ. అని పడును. కొందరు గుమాస్తాలకు ఇది కంటికి నచ్చదు. ఇఫ్-ఎర్రర్ తగిలించి అక్కడ సున్న వచ్చునట్లు చేయుదురు. మేము దీనిని ఒప్పుకొనము. ఎన్.ఏ. ఉన్నంతవరకు మొత్తము కూడిక కూడ నిలిచిపోవును, కనుక తప్పు దిద్దక పట్టీ కదలదు. సున్న పెట్టినచో కూడిక చక్కగా వచ్చును, ఒక ఇంటి మజూరీ పోవును.

మన వంటి వలసవారి సంఘములకు మరియొక చిక్కు గలదు. సభ్యుని పేరుతో వెదకరాదు. ఆంధ్రదేశములో ఇంటిపేరు ముందు. షోలాపురములో మనవారు అచ్చటి వాడుకను బట్టి ఇంటిపేరు చివర వ్రాయుదురు. తమిళనాట తండ్రిపేరు ఒక్క అక్షరమై ముందు నిలుచును. పైగా తమిళ లిపిలో క, గ లకు అక్షరమొక్కటే. ఒక మనిషి నూలు పుస్తకములో ఒక తీరున, పొదుపు పుస్తకములో వేరొక తీరున ఉండును. పేరు చివర ఒక్క ఖాళీ ఎక్కువ పడినను ఫార్ములాకు అతడు వేరే మనిషి. సభ్యత్వపు నెంబరుతోనే వెదకవలెను.

ఇంతకును మా తప్పు పట్టినది కంప్యూటరు కాదు, ఇంటిలో లెక్క చూచుకొన్న ఇల్లాలు. పట్టీలో రకము, దరము విడిగా ఉన్నవి గనుక ఆమెకు తెలిసినది. మొత్తము మాత్రమే వ్రాసి ఇచ్చు సంఘములు కొన్ని గలవు. ఆ పద్ధతి మానవలెనని మా కోరిక. ఆ 720 రూపాయలు ఆ దినమే ఇచ్చితిమి. 118 నేసిన తక్కిన మగ్గముల పట్టీలు తిరిగి చూచుచున్నాము.