జీలకర్రలో దశమభాగం

మత్తయి సువార్త 23వ అధ్యాయంలో మన పోపులపెట్టె కనిపిస్తుంది. పుదీన, సోపు, జీలకర్రలో కూడా పదోవంతు లెక్కగట్టి దేవుడికిచ్చే పరిసయ్యుల్ని యేసు గట్టిగా కోప్పడతాడు. ఇచ్చినందుకు కాదు, న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసినందుకు.

ఆ జీలకర్ర లెక్క మన ఇళ్లలో ఇంకా నడుస్తోంది. ఆదివారం ఆరాధన తప్పదు, ఉపవాస కూటం తప్పదు. ఎవరు బొట్టు పెట్టారు, ఎవరు ప్రసాదం తిన్నారు, అన్నీ మనకే కావాలి. మందిరంలో అందరం అన్నా, అక్కా అనే పిలుచుకుంటాం. పిల్లకి సంబంధం వస్తే మాత్రం మొదటి ప్రశ్న "విశ్వాసులేనా?" రెండోది, గొంతు తగ్గించి, "మనవాళ్లేనా?" మీరూ వినే ఉంటారు. రెండో జవాబు నచ్చకపోతే మొదటిదానికి విలువేముంది? బాప్తిస్మం నీళ్లలో అన్నీ కడుక్కుపోయాయి, ఇదొక్కటే మిగిలిందన్నమాట!

డిగ్రీలో జాషువాని చదువుకున్నాను. కులాలు వేరైన తల్లిదండ్రులకు పుట్టి, ఆ అవమానాలన్నీ పడ్డాయన. ఆయన 'క్రీస్తు చరిత్ర'కి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మన మందిరాల్లో ఎంతమంది చదివారో!

మా వీధిలో ఒకావిడ ఉంది. సాక్ష్యం చెప్పమని మైకిస్తే వణికిపోతుంది. కొడుకు వేరే కులం పిల్లని చేసుకుంటానంటే బంధువులంతా ముఖం చాటేశారు. ఆవిడ మాత్రం పిల్ల ఇంటికి తనే వెళ్లి, వాళ్ల వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, పెట్టిన అన్నం తిని, పెళ్లి తేదీ ఖాయం చేసుకుని వచ్చింది.