పరుల నేలపై ప్రయోగశాల

కౌలుభూమిలో మేడ కట్టినవాడు గడువు తీరినపిమ్మట న్యాయస్థానపు మెట్లెక్కి ప్రయోజనము లేదు. దస్తావేజు చదువక సంతకము చేసినవానికి చట్టము చుట్టము కాదు. శాస్త్రపరికరముల వాడుకను నేర్పు కంప్యూటరు పాఠముల విషయమున జరిగినది ఇదియే.

వర్నియర్ కాలిపర్స్, సూక్ష్మదర్శిని మున్నగువానిని తెరమీద చూపి, విద్యార్థి కదలించినకొలది కొలత మారునట్లు చేయు పాఠములు ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో విరివిగా పుట్టినవి. 2001లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము నందిన కార్ల్ వీమన్, అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున 2002లో ఫెట్ అను ప్రయత్నమును ఆరంభించెను. మన దేశమున కేంద్రప్రభుత్వ ద్రవ్యముతో వర్చువల్ ల్యాబ్స్ వెలసినవి. ఢిల్లీ ఐ.ఐ.టి. నాయకత్వము వహింపగా, హైదరాబాదు ట్రిపుల్ ఐ.టి. అందు పాలుపంచుకొన్నది. ఈ పాఠములలో పెక్కింటికి ఆధారము అడోబీ కంపెనీవారి ఫ్లాష్, లేదా జావా ఆప్లెట్లు. రెండును బ్రౌజరుకు విడిగా తగిలించుకొనవలసినవే. ఫ్లాషును నిలిపివేయుదుమని ఆ కంపెనీ 2017 జూలైలో ప్రకటించెను. 2020 డిసెంబరు 31తో ముగించెను. 2021 జనవరి 12 నుండి అందలి పాఠములు నడువకుండ అడ్డగించెను. తిరుగవ్రాయని పాఠములన్నియు ఒక్కసారిగా చీకటిపడినవి.

న్యాయము చెప్పవలెనన్న, నోటీసు చాలినంత ఉండెను. మూడేండ్లకు మించిన గడువు మన ఊళ్లలో ఏ యింటి యజమాని యిచ్చును? ప్రజాధనముతో కట్టుచు, నేల యెవరిదని అడుగకపోయినది మనమే.

2014 అక్టోబరులో ప్రమాణముగా వెలువడిన హెచ్.టి.ఎం.ఎల్.5 ఏ ఒక్క కంపెనీ సొత్తును కాదు. అందు పని జరుగు తీరు తెలిసికొనదగినది. కాలిపర్స్ దవడలను, స్కేలు గీతలను ఎస్.వి.జి. అను పద్ధతిలో రేఖలుగా వర్ణింతురు. ఎంత పెద్దది చేసి చూచినను గీత చెదరదు. విద్యార్థి దవడను లాగినంతనే జావాస్క్రిప్టు ఆ దూరమును గ్రహించి, వర్నియరును అంతమేర జరుపును. కనీసపు కొలత 0.1 మిల్లీమీటరైనపుడు, నాలుగవ గీత ఏకీభవించినచో 0.4 మిల్లీమీటరును ప్రధాన స్కేలు కొలతకు చేర్చుట బాలుని పని. అక్షరములు బొమ్మలో కలిసిపోక విడిగా నుండుటచే, ఇంగ్లీషు మాట తీసి తెలుగు మాట పెట్టుట సులభము. మా దృష్టిలో ఇదియే గొప్ప లాభము.

అయితే తెరమీది పరికరము మిక్కిలి విధేయమైనది. దానికి తుప్పు లేదు, వదులు లేదు. శూన్యాంశ దోషమును పాఠము వ్రాసినవాడు బుద్ధిపూర్వకముగా పెట్టినగాని అది కనబడదు. మెత్తని వస్తువును దవడలతో అతిగా నొక్కినచో కొలత తగ్గునని వ్రేళ్లే నేర్పవలెను. పరికరముల బీరువా కొనని పాఠశాలకు ఈ తెర సాకు కారాదు. ముందు తెరమీద నేర్చి, పిదప ఇనుము చేతబట్టిన బాలుడు తడబడడు. అంతవరకే దీని ప్రయోజనము.

ఫెట్‌వారు తమ పాఠములను హెచ్.టి.ఎం.ఎల్.5లో తిరుగవ్రాసిరి. ఒక్కొక్క పాఠమును ఒకే ఫైలుగా దించుకొని ఇంటర్నెట్ లేకయే నడుపవచ్చును. మూలమును ఎవరైనను చదువవచ్చును. మన ప్రభుత్వములు ఇట్టి పాఠములకు గుత్త యిచ్చునపుడు ఇంతమాత్రమైన షరతు ఒప్పందమున ఏల వ్రాయరాదు? మూలము ప్రజలకు అప్పగింపని గుత్తదారునికి తుది వాయిదా సొమ్ము చెల్లింపరాదు.