పొట్టలో పెట్టిన గొట్టానికి బిల్లులో పేరేదీ?



గుండెకు వేసే స్టెంటుకు బిల్లులో ఒక పద్ధతి, పొట్టలోని పెద్ద రక్తనాళానికి వేసే స్టెంట్ గ్రాఫ్టుకు ఇంకో పద్ధతి ఎందుకని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ గుండె స్టెంట్లకు గరిష్ఠ ధర కట్టింది. మందు పూసినది రూ.29,600, మామూలు లోహపుది రూ.7,260. పన్ను అదనం. ఆ ధరల గురించి అప్పుడు అందరూ మాట్లాడుకున్నారు. అదే ఉత్తర్వులో ఉన్న ఇంకో షరతు మాత్రం జనానికి పెద్దగా తెలియలేదు. ఆసుపత్రి తన బిల్లులో స్టెంటు ఖరీదును విడిగా చూపించాలి. బ్రాండు, తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, బ్యాచ్ నంబరు కూడా రాయాలి. నా లెక్కన ధర తగ్గించడం ఎంత మేలో ఇదీ అంత మేలు. అయితే ఉత్తర్వు గుండె స్టెంట్లకే పరిమితం.

మా చిన్నాయనదీ మా పరిగి మండలమే, మల్బరీ రైతు. కిడ్నీలో రాయి ఉందేమోనని స్కానింగ్ తీయిస్తే ఆ పెద్ద రక్తనాళం, అంటే బృహద్ధమని, ఉబ్బిందని తేలింది. పొట్ట దగ్గర ఆ నాళం మామూలుగా రెండు సెంటీమీటర్ల వెడల్పుంటుంది. మూడుకు చేరితే ఉబ్బు కింద లెక్క. మగవాళ్లలో ఐదున్నర దాకా పెరిగితే ఆపరేషన్ మాట ఎత్తుతారు. అరవై ఐదు దాటినవాళ్లలో, అందులోనూ బీడీ, సిగరెట్ అలవాటున్న మగవాళ్లలో ఇది ఎక్కువ. చాలామందికి నొప్పీ ఉండదు, లక్షణమూ ఉండదు. పగిలితే ఆసుపత్రి దాకా ప్రాణంతో చేరడమే కష్టం. మా వైపు వాళ్లకు పెద్ద జబ్బంటే బెంగళూరే కాబట్టి అక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేయించాం. పొట్ట కోయలేదు. తొడ దగ్గరి నాళంలోంచి మడిచిన గ్రాఫ్టును పంపి లోపల విప్పారు. మనిషి బాగున్నాడు. డాక్టర్ల పనికి వంక పెట్టను.

బిల్లు సంగతి వేరు. గది, ఓటీ, మత్తు డాక్టరు, మందులు, అన్నింటికీ వరసలున్నాయి. అన్నింటికన్నా పెద్ద మొత్తం ఎదురుగా మాత్రం ‘ఇంప్లాంట్స్ అండ్ కన్‌జ్యూమబుల్స్’ అన్న ఒక్క ముక్క. ఏ కంపెనీది, ఏ సైజు, ఎన్ని ముక్కలు వాడారు? ఒక్కటీ లేదు. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో చిన్నాయన గూళ్లకు లాటు నంబరు, తూకం, కిలో ధర రాసిన చీటీ ఇస్తారు. లక్షలు పోసి ఒంట్లో పెట్టించుకున్న వస్తువుకు ఆపాటి చీటీ లేదు.

నేనీ మాట ఊరికే అనడం లేదు. బెంగళూరు కంపెనీ ఒకదానికి పరిగిలో ఇంట్లోంచే మెడికల్ కోడింగ్ చేస్తాను. బీఎస్సీ, బీఫార్మసీ చదివిన మన పిల్లలు ఎందరో హైదరాబాద్, చెన్నై, బెంగళూరు కంపెనీల్లో చేస్తున్న పనే. అమెరికా రోగికి ఇదే ఆపరేషన్ జరిగితే ఆ చార్టు మా దగ్గరికొస్తుంది, చేసిన పనికి మేం కోడు వేస్తాం. గ్రాఫ్టు తిన్నటి గొట్టమైతే 34701. కింద రెండు కాళ్ల నాళాల్లోకీ చీలితే 34705. అదే ఉబ్బు పగిలి ఉంటే 34706. ఉబ్బు కిడ్నీ నాళాలకు కిందనా, వాటిని ఆనుకుని ఉందా అన్నదానికి 2022 అక్టోబరు నుంచి జబ్బు కోడే వేరు. ఆపరేషన్ నోటులో ఆ ఒక్క మాట లేకపోతే డాక్టరుకు క్వెరీ పెడతాం. గ్రాఫ్టు విప్పేటప్పుడు తీసే ఎక్స్‌రే చిత్రాలు, ముందుగా సైజు కొలిచి గ్రాఫ్టు ఎంచుకోవడం, అన్నీ 34705లోనే కలిసి ఉంటాయి. వాటిని విడదీసి డబ్బు అడిగితే తప్పు. దాన్ని మేం అన్‌బండ్లింగ్ అంటాం, ఆడిట్‌లో దొరికిపోతుంది. చిన్నాయన బిల్లులో ప్రొసీజర్ ఛార్జీ ఒక వరస, ఆ ఎక్స్‌రే తీసే సీ-ఆర్మ్ యంత్రం ఛార్జీ ఇంకో వరస. మొదటిదాంట్లో రెండోది కలిసి ఉందా లేదా అని అడగడానికైనా చేసిన పనికి ఒక కోడు ఉండాలి కదా.

కోడు వేస్తే ధర దిగుతుందని నేను చెప్పను. అమెరికాలో కోడ్లన్నీ ఉన్నాయి, అయినా వైద్యం అక్కడే మహా ఖరీదు. నా ఆరాటం డబ్బొక్కటే కాదు. ఇలాంటి గ్రాఫ్టు వేసినవాళ్లు తర్వాత కూడా స్కానింగులు తీయించుకుంటూనే ఉండాలి. పక్కల నుంచి రక్తం మళ్లీ ఉబ్బులోకి కారొచ్చు, దాన్ని ఎండోలీక్ అంటారు. చిన్నాయన్ను స్కానింగ్‌కు అనంతపురం తీసుకెళ్తే అక్కడి డాక్టరు మొదట అడిగింది ‘ఏ గ్రాఫ్టు వేశారమ్మా?’ అని. చేతిలో బిల్లు ఉంది, డిశ్చార్జి సమ్మరీ ఉంది, రెంటిలోనూ జవాబు లేదు. గ్రాఫ్టు డబ్బా మీది స్టిక్కర్లు ఆసుపత్రి కేస్‌షీట్లో అతికించి ఉంటాయని నాకు తెలుసు కాబట్టి నకలు అడిగి తెప్పించాను. అడిగిన 72 గంటల్లో రికార్డు ఇవ్వాలని డాక్టర్లకు 2002 నుంచే నిబంధన ఉంది. అది తెలిసి అడిగేవాళ్లు ఎంతమంది?

ఇదంతా ఆసుపత్రులకు అదనపు రాతపని అంటారేమో. బీమా కంపెనీకి పంపే క్లెయిమ్ ఫారంలో ‘బి’ భాగం ఆసుపత్రి నింపాల్సిందే. జబ్బుకు ఐసీడీ-10 కోడు, చేసిన ప్రొసీజరుకు కోడు వేసే గడులు అందులో ఉన్నాయి. ప్రభుత్వ పథకంలోనూ అంతే. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి, పరిగి అప్పుడు ఆ జిల్లాలోదే. పథకం పేరు ఎన్నిసార్లు మారినా, చికిత్సకో కోడు, దానికో ప్యాకేజీ రేటు అన్న పద్ధతి మారలేదు. అంటే బీమా కంపెనీకి, ప్రభుత్వానికి చెప్పేదే రోగి చేతికిచ్చే కాగితంలో లేదు. సొంత డబ్బు కట్టేవాడికే ఏమీ తెలియదు.

పుట్టపర్తికి వెళ్లొచ్చుగా అని కొందరన్నారు. సత్యసాయి ఆసుపత్రి 1991 నుంచీ బిల్లు కౌంటరే లేకుండా నడుస్తోంది, ఆ పుణ్యం ఆ సంస్థది. అయినా ప్రతి జబ్బుకూ, ప్రతి వేళా అందరం అక్కడికే పోలేం.

రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రుల చట్టం కింద ఒక నిబంధన పెడితే కొంత మేలే. కానీ మా హిందూపురం, పెనుకొండ వైపు రోగులు దాటేది కర్ణాటక సరిహద్దు, మన రాష్ట్ర నిబంధన అక్కడ చెల్లదు. ధరల నియంత్రణ సంస్థ మాట దేశమంతా చెల్లుతుంది. వైద్య పరికరాలన్నీ 2020 ఏప్రిల్ నుంచి చట్టం దృష్టిలో మందులే కాబట్టి అధికారం లేదనడానికీ వీల్లేదు. గరిష్ఠ ధర కట్టడానికి చర్చలు, లెక్కలు కావాలంటే తర్వాత చూసుకోవచ్చు. ముందు 2017 నాటి ఆ బిల్లు షరతును బృహద్ధమని గ్రాఫ్టులకు, కాళ్ల నాళాల స్టెంట్లకు కూడా వర్తింపజేయాలి. వాడిన ముక్కలు ఎన్నో, జబ్బు కోడు, ప్రొసీజరు కోడు ఏవో అదే కాగితంలో చేర్చాలి. ఆ ఆపరేషన్ ఏమిటో రోగి భాషలో ఒక్క వాక్యం రాయాలి. మన ఎంపీలు ఈ సంగతి పార్లమెంటులో ఒక్క ప్రశ్నగా అడిగినా చాలు.

ఈలోగా ఎవరింట్లోనైనా ఇలాంటి ఆపరేషన్ జరిగితే డిశ్చార్జి రోజు డబ్బు కట్టేముందే గ్రాఫ్టు స్టిక్కర్ల నకలు అడగండి. ఇంటికొచ్చాక అడిగితే మళ్లీ బెంగళూరు బస్సెక్కాల్సి రావచ్చు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పరిగి, శ్రీ సత్యసాయి జిల్లా