తెప్పలు చెప్పెడి చరిత్ర

చరిత్ర యనగానే రాజులు, కోటలు, యుద్ధములు మనస్సునకు తోచుట సహజము. బచ్చన్నపేట వంటి యూళ్ల బాలబాలికలకు సముద్రము సంగతి దూరపు మాటగానే యుండును. కాని ఓరుగల్లు నేలిన గణపతిదేవుడు సముద్రమును మఱువలేదు. క్రీ. శ. 1244లో ఆతడు మోటుపల్లి రేవునందు అభయశాసనము వేయించెను. తుపాను దెబ్బకు ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన యోడల సరకును పూర్వపు రాజులు హరించుచుండిరి. ఇక మీదట నియతమైన సుంకము తప్ప మఱేమియు గైకొనబడదని ఆ శాసనము వర్తకులకు మాట యిచ్చినది. అంతకు సుమారు వేయేండ్లకు పూర్వమే యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు తెరచాపకొయ్యల యోడ ముద్రింపబడెను.

పెద్ద యోడలకు ఇట్లు శాసనములును నాణెములును సాక్ష్యము పలుకుచున్నవి. చేపలు పట్టి జీవించినవారి చిన్న పడవలకు అట్టి భాగ్యము అరుదు. వాని చరిత్ర వానిని కట్టినవారి చేతులలోనే నిలిచినది.

ఆ చరిత్ర అల్పమైనది కాదు. తేలికైన కొయ్యదుంగలను త్రాళ్లతో బిగించి కట్టినది తెప్ప. అల మీదపడినను నీరు దుంగల సందులనుండి జాఱిపోవునే కాని తెప్పపై నిలువదు. వేట ముగిసిన పిదప కట్లు విప్పి దుంగలను ఇసుకపై ఎండబెట్టుదురు. తమిళులు దీనిని కట్టుమరమందురు. ఆ మాటయే ‘కాటమరాన్’ అను రూపమున ఆంగ్లభాషలో చేరి నేడు లోకమెల్ల వ్యాపించినది. ఇక మాసులా పడవలో ఇనుపమేకు లేదు; పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టుదురు. మేకులతో బిగించిన పడవ ఒడ్డునందలి అలల తాకిడికి బీటలువాఱును. కుట్టిన పడవ కొంత వంగి ఆ దెబ్బ కోర్చుకొనును. చెన్నపట్టణమున ఓడరేవు కట్టకముందు ఓడలనుండి మనుష్యులను ఒడ్డునకు చేర్చినవి ఇట్టి పడవలే. దీనిని మొరటుపని యనువారు మఱల నాలోచింపవలెను.

యంత్రపు పడవలు వచ్చిన తరువాత వీని చరిత్రతో పనియేమి యని కొంద ఱందురు. యంత్రము మత్స్యకారుని శ్రమను తగ్గించిన మాట సత్యము. చూచువారి ముచ్చటకొఱకు అతనిని కొయ్యదుంగపైననే యుండుమనుట అన్యాయము. అయితే పడవను విడుచుట వేఱు, విద్యను విడుచుట వేఱు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, తూర్పుతీరమున యంత్రపు పడవల వేటను నిషేధించుచున్నారు. యంత్రము లేని సంప్రదాయపు పడవలకు ఆ నిషేధము లేదు. కడలికి కీడు చేయక బ్రతుకుట పాత పడవకు తెలియునని నిబంధనయే ఒక విధముగా ఒప్పుకొన్నట్లు కాదా?

పడవ కుట్టనేర్చిన వృద్ధులు కాలము చేసినచో ఆ చేతిపని మరలి రాదు. కావున తీరమందలి పాఠశాలలు ఆ కొలతలను, భాగముల పేరులను, కట్టెడి విధమును వ్రాసి, బొమ్మలు గీచి భద్రపఱుపవలెను. సముద్రము లేని బచ్చన్నపేట విద్యార్థులకును పని కలదు. చెఱువులలో చేపలు పట్టువారి నడిగి వారి వలల పేరులు, అల్లెడి తీరు వ్రాసికొనవచ్చును. శాసనము వేయించుటకు రాజు కావలెను. కాగితముపై నాలుగు మాటలు వ్రాయుటకు వినయముగల విద్యార్థి చాలును.