ఆటపెట్టెకు ఏ బోర్డు?

పిల్లలూ! చేతిలో ఇమిడే వీడియో గేమును సొంతంగా తయారుచేయాలని ఉబలాటంగా ఉందా? మంచిదే. అయితే రాజమండ్రి కొట్లో “అన్నిటికంటే శక్తిగల బోర్డు ఇవ్వండి” అని మాత్రం అడగకండి.

మైక్రోబిట్ బోర్డు మీద 25 దీపాలు, రెండు బొత్తాలు ముందే ఉంటాయి. సులువే. కానీ బొత్తాం నొక్కితే కరెంటు ఏ దారిన పోతుందో స్వయంగా తీగ కలిపినవారికే బోధపడుతుంది.

అందుకే నా ఓటు ఆర్డూయినో ఊనోకి. అదీ, చిప్పును సాకెట్‌లో గుచ్చిన రకానికే. దాని మెమరీ 2 కిలోబైట్లే. పాము ఆటకు అది చాలు. చిప్పు మాడితే పీకేసి, బూట్‌లోడర్ ఎక్కించిన కొత్తది గుచ్చుకోవచ్చు. చిప్పు బోర్డుకే అతికి ఉంటే ఆ డబ్బంతా గోదాట్లో పోసినట్టే!

అంత తేలిగ్గా మాడుతుందా అంటారేమో. మా బడిలో మొదటిది మాడ్చింది నేనే, 5 వోల్టుల పిన్నుకు 9 వోల్టుల బ్యాటరీ తగిలించి. పిల్లలు నవ్వారు. కొత్త చిప్పు గుచ్చిందీ వాళ్ళే.