ఊరొకటి, ఏలికలు పలువురు

సామర్లకోట మీదుగా పోవువారు పెక్కుమంది; దిగి ఊరు చూచువారు కొలదిమంది. చెన్నపట్టణమునుండి హౌరాకు పోవు పెద్ద రైలుమార్గమునుండి కాకినాడ శాఖ చీలునది ఇచ్చటనే. ధవళేశ్వరము ఆనకట్ట నీటిని పంచు తూర్పు డెల్టా కాలువలలో నొకటి ఈ యూరి పేరనే సామర్లకోట కాలువ యని ప్రసిద్ధి కెక్కినది. చాళుక్య భీముని పేరు మోయు కుమారారామ భీమేశ్వరాలయము పంచారామములలో నొకటి. దేవుడు, నీరు, ఇనుపదారి ఈ మూడును కలిసి ఊరిని పట్టణముగా పెంచినవి. 2011 నాటికే పట్టణ జనసంఖ్య యాభైవేలు దాటినది.

విచిత్రమేమనగా, ఊరికి ప్రాణములైన ఈ మూడింటిలో నేదియు పురపాలక సంఘము చేతిలో లేదు. స్టేషను రైల్వేవారిది, కాలువ నీటిపారుదల శాఖది, ఆలయ కట్టడము కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలో నున్నది. వీని నడుమ మిగిలిన వీధులు, మురుగు తూములు, దీపములు, చెత్తకుప్పలు మాత్రము సంఘము పాలివి. వాననీటికి గాని, మురుగునకు గాని కచేరీల సరిహద్దులు తెలియవు. స్టేషను వాకిట నీరు నిలిచిన నెవరి నడుగవలెను? ఊరి మురుగు కాలువలో కలిసిన నెవరు బదులు చెప్పవలెను? ఇట్టి చోట్ల ప్రతి కచేరియు పక్క కచేరిని చూపుట సహజము. ఇది ఏ యొక్క యుద్యోగి దోషమును కాదు, ఏర్పాటులోని దోషము.

ఈ దోషమును సవరించుటకే గదా, 1993 జూన్ 1 నుండి రాజ్యాంగపు 74వ సవరణ అమలులోనికి వచ్చినది! పట్టణ ప్రణాళిక, నీటి సరఫరా, పారిశుధ్యము మొదలుగా 18 విషయములను పండ్రెండవ షెడ్యూలులో చేర్చి, ఇవి పురపాలక సంఘములకు తగినవని ప్రకటించిరి. కాని రాష్ట్రములు వీనిని "అప్పగింపవచ్చును" అనిరే గాని "అప్పగింపవలెను" అనలేదు. పట్టణముల భాగ్యమంతయు ఈ యొక్క క్రియాపదమున చిక్కుకొన్నది. సంఘపు నిర్ణయములను నడపవలసిన కమిషనరు ప్రభుత్వము నియమించు నుద్యోగి. ఎన్నికైనవారిది మాట, చేయి మరొకరిది.

ఒక్క విషయమున మాత్రము రాజ్యాంగము "వచ్చును" అనలేదు. ఐదేండ్ల గడువు తీరకమునుపే కొత్త సంఘమునకు ఎన్నిక ముగియవలెనని శాసించినది. 2006 లో కిషన్ సింగ్ తోమర్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ విధిని దృఢపరచినది. జరిగినదేమి? 2005 లో ఎన్నికైన ఆంధ్ర పురపాలక సంఘముల గడువు 2010 లో తీరగా, మరల ఓటు వేయు భాగ్యము 2014 మార్చిలో గాని కలుగలేదు. ఆ సంఘములకు 2019 లో కాలము చెల్లగా, సామర్లకోట మొదలగు పట్టణములలో 2021 మార్చి 10 న గాని ఎన్నిక జరుగలేదు. నడుమ నడచినది ప్రత్యేకాధికారుల పాలన. ఈ రెండు విరామములను కూడిన, ఒక సంఘము పూర్తి ఆయువు కంటె నెక్కువ యగును. ప్రకాశం పంతులు అధ్యక్షుడుగా కూర్చుండిన రాజమహేంద్రవరమునకు 2021 లో సయితము ఆ యవకాశము దక్కలేదు.

ధనము సంగతియు నిట్టిదే. 2021 లో ఇంటిపన్నును అద్దె విలువపై గాక ఆస్తి మూలధన విలువపై నిర్ణయించు పద్ధతి వచ్చినది. ఆ యేడే ఇంటింటి చెత్త సేకరణకు వేరుగా రుసుము పెట్టిరి. 2024 లో దానిని రద్దు చేసిరి. పెట్టుట మంచిదా, తీయుట మంచిదా యన్నది వేరు ప్రశ్న. పెట్టినదియు రాష్ట్రమే, తీసినదియు రాష్ట్రమే. వీధిలో నిలిచి మాట పడవలసినవాడు మాత్రము వార్డు సభ్యుడు. పన్నునకు ప్రజ స్వభావముచేత విరోధి కాదు. సమ్మతి లేని పన్నునకే విరోధి. ఇందుకు చీరాల, పేరాల ప్రజలే సాక్షులు. తమ యిష్టము లేక నెత్తిన రుద్దిన పురపాలక సంఘమును నిరసించి, 1921 లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున వారు ఇండ్లు వాకిండ్లు విడిచి, రామనగరను పేర పాకలు వేసికొని, నెలల తరబడి కాపురముండిరి.

2019 అక్టోబరు 2 న ఆరంభమైన వార్డు సచివాలయములు ధ్రువపత్రములను, దరఖాస్తులను పౌరుని గడపకు చేరువ చేసినవి. అది మేలే. అయితే గడపకు చేరువైనది ఉద్యోగి. అధికారము మాత్రము ఉన్నచోటనే యున్నది.

సంఘములకు అధికారమిచ్చిన కక్షలు పెరుగును, గుత్తదారులు బాగుపడుదురు అని కొందరి యాక్షేపణ. అందు నిజము లేకపోలేదు. కాని కక్షలు శాసనసభలకును కొత్త కావు. అంతమాత్రమున వానిని మూసివేయుమని యెవరును కోరలేదు. దొంగ భయమునకు దీపమార్పుట మందు కాదు. లెక్కలు బయట పెట్టించుటయే మందు.

చేయవలసిన పనులు దుష్కరములు కావు. వార్డుల విభజన, రిజర్వేషన్ల నిర్ణయము గడువునకు ఏడాది ముందే ముగింపవలెను. అప్పుడు ఎన్నిక వాయిదాకు సాకు మిగులదు. మూడు నెలలకొకమారు రైల్వే, నీటిపారుదల, పురావస్తు శాఖల స్థానికాధికారులు సంఘము నెదుట కూర్చుండి పట్టణపు ప్రశ్నలకు సమాధానము చెప్పవలెను. చెప్పినది తెలుగున అచ్చు వేయింపవలెను. ఏ వార్డున ఎంత పన్ను వచ్చినదో, అందెంత ఆ వార్డునకే వ్యయమైనదో కూడలిలో పలక మీద వ్రాయింపవలెను. మూడు లక్షల జనాభా గల పట్టణములకే వార్డు సంఘములు తప్పనిసరి యని రాజ్యాంగము చెప్పినది. అయినను పొరుగువాడు పొరుగువాని నెరిగిన సామర్లకోట వంటి ఊళ్లలోనే అవి తేలికగా నడచును. చట్టము బలవంతపెట్టలేదని ఊరకుండుట కంటె, రాష్ట్రమే వానికి అనుమతి నిచ్చుట ఉచితము.

ఆనకట్ట ఎంత ఘనమైనదో డెల్టా రైతు ధవళేశ్వరము పోయి కొలువడు. తన శివారు చేనికి నీరందినదా లేదా యని చూచును. రాజ్యాంగమున ప్రజల కిచ్చిన అధికారమును సామర్లకోట పౌరుడును అట్లే కొలుచును. 1993 లో తలుపు లెత్తిన ఆ నీరు దారిలోనే నిలిచిపోయినది. దానిని శివారునకు వదలవలసిన బాధ్యత శాసనసభది. అడిగి వదలించుకొనవలసిన బాధ్యత పట్టణ ప్రజలది.